గదిలో పట్టిన ప్రతి తూటా సరైనది కాదు

(చంపాపేట్‌లో జరిగిన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో డి.ఏ. బకాయిల గురించో, మోకాళ్ళ నొప్పుల గురించో మాట్లాడాలి గాని, రివాల్వరు తూటాల సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. సర్వీసులో చాలా కాలం నేను ఆయుధాల మరమ్మతు పనిలో ఉన్నాను. ఆ మధ్య ఈ చంపాపేట్‌లోనే ఉన్న ఒక పాత మిత్రుడు నన్ను ఇంటికి పిలిచారు. ఆయనకు లైసెన్సు ఉన్న పాయింట్ 32 రివాల్వరు ఉంది. ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేసి, తరువాత తిరిగి తెచ్చుకున్నారు. బీరువాలో ఒక పాత డబ్బా తీసి చూపించారు. అందులో మూడు రకాల తూటాలు కలిసిపోయి ఉన్నాయి. ‘‘అన్నీ పాయింట్ 32వే కదండీ! మూడూ గదుల్లోకి దిగుతున్నాయి. ఏవి వేస్తే ఏం?’’ అన్నారు.

ఆ ప్రశ్నకు జవాబే ఈ ప్రసంగం.

ముందుగా రివాల్వరు సంగతి. దాని సిలిండరులో ఒక్కొక్క తూటాకు ఒక్కొక్క గది ఉంటుంది. తూటా ఇత్తడి గొట్టానికి వెనుక అంచు ఉంటుంది. ఆ అంచు గది మూతి మీద ఆనుకుంటుంది కనుక తూటా ముందుకు జారిపోదు. అందువల్లనే, అంచూ లావూ ఒకటే అయితే, పొడుగు తూటాకు చేసిన గదిలో పొట్టి తూటా కూడా సరిగానే కూర్చుంటుంది.

మిత్రుని డబ్బాలోని మొదటి రెండు రకాలూ అటువంటివే. ఒకటి 1878 నాటి .32 స్మిత్ అండ్ వెస్సన్. దాని గొట్టం పొడవు సుమారు 15 మి.మీ. రెండవది 1896లో వచ్చిన .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్. దాని పొడవు సుమారు 23 మి.మీ. గొట్టం లావు ఒకటే, గుండు లావూ ఒకటే. కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ తయారుచేసే .32 రివాల్వరు ఈ ‘లాంగ్’ తూటాకు చేసినదే. 2014లో వచ్చిన ‘నిర్భీక్’ కూడా .32 రివాల్వరే. ‘లాంగ్’కు చేసిన మంచి స్థితిలోని రివాల్వరులో పొట్టి తూటా కాల్చవచ్చు. గురి కొంచెం తగ్గుతుంది, ఎందుకంటే గుండు ఖాళీ జాగా దాటి బ్యారెల్‌లోకి పోవాలి. దీనికి తిరకాసు పనికిరాదు. పొట్టి తూటాకు చేసిన పాత రివాల్వరులో పొడుగు తూటాను బలవంతంగా దింపితే, గది ఆ ఒత్తిడికి తట్టుకోకపోవచ్చు. పగిలితే పోయేది చెయ్యి.

అమెరికాలో ఎక్కువగా వాడే .38 స్పెషల్, .357 మాగ్నమ్ జత కూడా ఇంతే. మాగ్నమ్ గొట్టం సుమారు మూడున్నర మి.మీ. పొడుగు. మాగ్నమ్ రివాల్వరులో స్పెషల్ వేయవచ్చు, స్పెషల్ రివాల్వరులో మాగ్నమ్ వేయరాదు.

పొట్టివి కాల్చిన తరువాత ఒక పని మరువరాదు. గొట్టం ఆగిన చోట గదిలో మసి, సీసం ఉంగరంలా పేరుకుంటాయి. తరువాత పొడుగు తూటా వేస్తే దాని మూతి ఆ ఉంగరంలో బిగుసుకుంటుంది. గుండు వదలవలసిన సమయంలో మూతి విచ్చుకోదు, ఒత్తిడి పెరుగుతుంది. కనుక ఖాళీ చేసి, ఇత్తడి బ్రష్‌తో గదులు శుభ్రం చేయాలి. తూటా వేలితో నెమ్మదిగా దిగాలి. నెట్టవలసి వస్తే ఆగిపోవాలి.

ఇక మూడవ రకం. అది పిస్తోలు తూటా, .32 ఏసీపీ. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ‘అశని’ పిస్తోలుకు వాడేది అదే. గొట్టం పొడవు సుమారు 17 మి.మీ., ‘లాంగ్’ కంటే పొట్టిదే, గదిలోకి దిగుతుంది కూడా. కాని దాని అంచు చిన్నది, ఒత్తిడి ఎక్కువ. రివాల్వరుకు అది చేసినది కాదు. పొట్టిది గనుక ఫరవాలేదనుకోవడం ఇక్కడే దెబ్బ తీస్తుంది. అందుకే కొట్టులో ‘పాయింట్ 32 ఇవ్వండి’ అని ఊరుకోకుండా, రివాల్వరుకా పిస్తోలుకా అన్నది చెప్పి కొనాలి.

పాయింట్ 38లో మరో చిక్కు ఉంది. వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ రివాల్వర్లకు వాడిన .38 స్మిత్ అండ్ వెస్సన్ గొట్టం, .38 స్పెషల్ కంటే పొట్టిదే గాని లావు ఎక్కువ. రెండవ ప్రపంచ యుద్ధం నాటి రివాల్వర్లు కొన్నింటిలో గదులను తరువాత లోతుగా తొలిచి స్పెషల్ తూటాలకు అమ్మారు. వాటిలో గొట్టాలు ఉబ్బేవి, చీలేవి. అంకె ఒకటైనంత మాత్రాన కులం ఒకటి కాదు!

కాబట్టి సూత్రం ఒక్కటే. బ్యారెల్ మీద చెక్కిన పేరు, తూటా వెనుక ముద్రించిన పేరు, తయారీదారు పుస్తకంలోని మాట, ఈ మూడూ కలవాలి. గదిలోకి దిగడం అనుమతి కాదు. పాత తూటా పేలకపోతే ముప్పై సెకన్లు సురక్షితమైన దిక్కుకే పట్టుకుని ఉండాలి. శబ్దం మెత్తగా వస్తే మరొకటి కాల్చరాదు, గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు.

ఆడవారికి, పిల్లలకు ప్రత్యేకంగా ఒక మనవి. లైసెన్సు ఉన్న వ్యక్తి కాలం చేస్తే, ఆ ఆయుధం, ఆ తూటాలు ఇంట్లో ఉంచుకునే హక్కు మనకు దానంతట అది రాదు. 1959 ఆయుధాల చట్టంలోని 21వ సెక్షను ప్రకారం, ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లో గాని, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. ఏ తూటా దేనిదో పరీక్షించడానికి గదుల్లో వేసి చూడకండి.

మా మిత్రుడు ఆ డబ్బాలో తన రివాల్వరుకు సరిపడని తూటాలు స్టేషన్లో అప్పగించారు. ‘‘ఇన్నేళ్ళూ తలగడ కింద ఏం పెట్టుకుని పడుకున్నానండీ!’’ అన్నారు. ఆయన మనుమడు పక్కనే ఆడుకుంటున్నాడు. ఆ దృశ్యం నా కళ్ళ ముందు నుంచి పోలేదు. అందుకే మీ సమయం తీసుకున్నాను.