క్యాలెండర్‌లో సీమ గడి ఏది?

(నవంబర్ ఒకటిన కృష్ణగిరిలో రైతులు, యువకులు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



పత్తి తీసే కాలంలో ఒక పూట కూలి వదులుకుని వచ్చారు. ఆదోని నుంచి, ఎమ్మిగనూరు నుంచి కూడా కొందరు మిత్రులు బస్సులు మారి వచ్చారు. మీ పొద్దు వృథా చేయకుండా సూటిగా విషయానికొస్తాం.

ఈ రోజు నవంబర్ ఒకటి. మేం బడికి పోయే రోజుల్లో ఈ తేదీన జెండా కింద నిలబడి పాట పాడేవాళ్లం. చేతిలో బిస్కెట్లు పెట్టేవాళ్లు. రాష్ట్రం పుట్టినరోజు అని చెప్పేవాళ్లు. అదే రోజున మన కర్నూలు ఏం పోగొట్టుకుందో మాత్రం ఏ సారూ చెప్పలేదు. సార్లను తప్పు పట్టడం లేదు. వాళ్లు చదువుకున్న పుస్తకంలోనూ ఆ మాట లేదు. డిగ్రీ చేతికొచ్చి, పత్రికలో పనికి చేరి, ఉద్యమంలో నాలుగు దెబ్బలు తిన్న తర్వాతే మాకూ ఆ సంగతి బోధపడింది. ఒకే తేదీ ఒకరికి పండగ, ఇంకొకరికి తద్దినం. మధ్యలో ఉన్నవాడికి అది రెండూ కాదు. వాడి సంగతి రాసేవాడే ఉండడు. ఆ మధ్యలో ఉన్నవాళ్లమే మనం.

ఈ తేదీలను ఒకసారి మన కళ్లతో చూద్దాం.

ఒకే నవంబర్ 1, ఎన్ని ఇళ్లల్లో?

1956 నవంబర్ 1న దేశపటమే మారిపోయింది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఆ రోజే అమల్లోకొచ్చింది. కేరళ పుట్టింది. కన్నడ ప్రాంతాలన్నీ చేరి మైసూరు రాష్ట్రం పెద్దదయింది. మధ్యప్రదేశ్ కొత్త ఆకారం తెచ్చుకుంది. తెలంగాణ, ఆంధ్ర కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది.

అక్కడితో ఆ తేదీ ఊరుకోలేదు. 1966లో అదే నవంబర్ 1న పంజాబు రెండై హర్యానా వచ్చింది. హర్యానాలో సంబరం జరుగుతున్న ఆ రోజునే, మన రాష్ట్రం పదో పుట్టినరోజునే, ఉక్కు ఫ్యాక్టరీ అడిగినందుకు విశాఖపట్నంలో పోలీసులు కాల్పులు జరిపారు. 1973లో అదే తేదీన మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అని పేరు పెట్టారు. 2000లో అదే తేదీన మధ్యప్రదేశ్ నుంచి ఛత్తీస్‌గఢ్ విడిపోయింది. 1956లో ఏ తేదీన మధ్యప్రదేశ్‌ను కొత్తగా కూర్చారో, 44 ఏళ్లకు సరిగ్గా అదే తేదీన విడదీశారన్నమాట. ఆకాశమేమీ విరిగి పడలేదు. సరిహద్దులు దేవుడు గీసిన గీతలు కావు. మనుషులు గీసినవి, మనుషులే చెరిపి మళ్లీ గీయగలిగినవి.

మరి మన కర్నూలు? 1956 అక్టోబర్ 31 దాకా అది రాజధాని. తెల్లారేసరికి జిల్లా కేంద్రం. రాజధాని హైదరాబాదుకు పోయింది. గుంటూరులో ఉన్న హైకోర్టూ హైదరాబాదుకే పోయింది. ఆ రోజున బళ్లారిలో కన్నడం ఒక్కటైందన్న సంతోషం. హైదరాబాదులో కొత్త రాజధాని హడావుడి. కర్నూలులో ఫైళ్ల మూటలు. అన్నీ ఒకే రోజు!

అక్టోబర్ 1: తలుపు తెరిచిన రోజే గోడ లేచింది

ఇక్కడే మన ఆదోని, ఆలూరు వాళ్ల సంగతి ఇంకో మెలిక. పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం తర్వాత 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. నెహ్రూ కర్నూలుకు వచ్చి ప్రారంభించాడు. టంగుటూరి ప్రకాశం మొదటి ముఖ్యమంత్రి. సర్కారు ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. మన నేల మీద రాజధాని వెలిసిన రోజది.

అదే రోజున బళ్లారి జిల్లా రెండు ముక్కలయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రానికి పోయాయి. ఆదోని, ఆలూరులను కర్నూలు జిల్లాలో కలిపారు. రాయదుర్గాన్ని అనంతపురానికి ఇచ్చారు. నిన్నటిదాకా కలెక్టరు కచేరి బళ్లారిలో, ఈ రోజు కర్నూలులో. ఆదోని తాలూకాలో ఉన్న ఎమ్మిగనూరుకూ అంతే.

పేపర్ల మీద అది పాలనాపరమైన మార్పు. ఊళ్లల్లో అట్లా కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే పల్లెలు ఆ పక్కన ఈ రోజుకీ ఉన్నాయి. బళ్లారిలో, సిరుగుప్పలో బీగులున్న కుటుంబాలు ఎన్నో లెక్కలేదు. పెళ్లి సంబంధం అదే, సంత అదే, పలకరింపు అదే. మధ్యలో రాష్ట్రం మాత్రం వేరయింది. అక్టోబర్ 1 మనకు రాజధానిని ఇచ్చిన తేదీ, మన పాత జిల్లాను చీల్చిన తేదీ కూడా. ఈ రెండో సంగతి కర్నూలు పట్నంలో మాట్లాడే సభల్లోనే వినపడదు, ఇంక అమరావతి దాకా ఎట్లా వినపడుతుంది?

దీనివల్ల పోయిందేమిటని అడగొచ్చు. తుంగభద్ర దిగువ కాలువను చూడండి. హోస్పేట ఆనకట్ట నుంచి ఆ కాలువ బళ్లారి జిల్లా మీదుగా ప్రయాణం చేసి మన ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు రావాలి. ఒకే జిల్లాగా ఉన్నప్పుడు అది ఇంటి తగాదా. 1953 తర్వాత అంతర్రాష్ట్ర తగాదా. పంపకం చూసేందుకు ఆంధ్ర రాష్ట్ర చట్టం కిందనే తుంగభద్ర బోర్డు వచ్చింది. బోర్డు ఉంది, లెక్కలున్నాయి. కాలువ చివరన ఉన్న రైతు మాత్రం ఆకాశం వైపే చూస్తున్నాడు.

ఫిబ్రవరి 20: రెండు కాగితాలు, ఒకే తేదీ

ఇప్పుడు చెప్పబోయేది మా సిగ్గు కథ కూడా.

2014 ఫిబ్రవరి 20. రాష్ట్ర విభజన బిల్లు రాజ్యసభలో పాసైన రోజు. మేం ఆదోనిలో ఒక టీ కొట్టు ముందర నిలబడి టీవీ చూస్తున్నాం. అంతకు ముందు ఏడాది అంతా రోడ్ల మీదే గడిపిన వాళ్లం. అరిచి అరిచి గొంతు పోయిన వాళ్లం. కొందరి కళ్లల్లో నీళ్లు. అప్పుడు మా గుంపులో ఒక్కరికీ తట్టలేదు, ఆ తేదీ మనకు కొత్తది కాదని.

1956 ఫిబ్రవరి 20న ఇదే ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఆంధ్ర వైపు నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ వైపు నుంచి బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. రెండు ప్రాంతాలను కలపడానికి రాసుకున్న షరతులవి. 58 ఏళ్లకు సరిగ్గా అదే తేదీన, అదే ఢిల్లీలో, ఆ కలయికకు ముగింపు రాశారు.

తెలంగాణ మిత్రులు ఆ ఒప్పందాన్ని కంఠతా పట్టారు. ఏ షరతు ఎప్పుడు ఉల్లంఘించారో వేలు మడిచి చెప్పారు. ఉప ముఖ్యమంత్రి పదవి మొదటి మంత్రివర్గంలోనే ఎగ్గొట్టారని మూడు తరాల పాటు గుర్తు చేశారు. వాళ్లు గెలవడానికి అదీ ఒక కారణం. మరి మనం? ఆ కాగితం ఆంధ్రకు, తెలంగాణకు మధ్య. అందులో సీమ అనే పక్షమే లేదు. సంతకం చేసిన వాళ్లలో సీమ బిడ్డ ఉన్నాడు, సీమ వాటా లేదు.

2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఇచ్చిన హామీల్లో రెండు చూడండి. ఐదేళ్ల ప్రత్యేక హోదా ఒకటి. సీమకు, ఉత్తరాంధ్రకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ రెండోది. హోదా రానేలేదు. ప్యాకేజీ కింద ఏడు వెనకబడిన జిల్లాలకు జిల్లాకు ఏడాదికి 50 కోట్ల చొప్పున మూడేళ్లకు 1050 కోట్లు వచ్చాయి. అంటే ఆ మూడేళ్లకు జిల్లాకు 150 కోట్లు. కర్నూలు జిల్లా కరువుకు, వలసకు ఖరీదు కట్టిన తీరది.

జూన్ 2: ఒకరి పుట్టినరోజు, ఒకరి దీక్ష

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం పుట్టింది. అక్కడ అవతరణ సంబరం. ఇక్కడ 2015 నుంచి 2018 దాకా అదే జూన్ 2న నవ నిర్మాణ దీక్ష పెట్టారు. నవంబర్ 1ని పక్కన పెట్టేశారు. 2019లో కొత్త సర్కారు వచ్చి మళ్లీ నవంబర్ 1కే తిరిగింది. 2024 జూన్ 2తో హైదరాబాదు ఉమ్మడి రాజధాని గడువు కూడా తీరింది. చూశారా, మన పుట్టినరోజు ఏదో మనకే తెలియకుండా పోయింది! సర్కారు మారితే తేదీ మారుతుంది. ఏ తేదీ పెట్టినా అందులో సీమ మాట మాత్రం ఉండదు.

2014 ఆగస్టు 15న ముఖ్యమంత్రి చంద్రబాబు కర్నూలులో జెండా ఎగరేశాడు. సీమకు వరాల జాబితా చదివాడు. 20 రోజులకు, సెప్టెంబర్ 4న, విజయవాడ ప్రాంతంలో రాజధాని అని అసెంబ్లీలో ప్రకటించాడు. 2019 జనవరి 1న అమరావతి కేంద్రంగా హైకోర్టు మొదలయింది. 2020లో కర్నూలును న్యాయ రాజధాని చేస్తామని చట్టం చేశారు, 2021 నవంబర్‌లో వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబర్‌లో హైకోర్టు బెంచి కోసం అసెంబ్లీలో తీర్మానం చేశారు. తీర్మానాలకు మనం కొత్తవాళ్లం కాదు.

మన తేదీ ఏది?

ఒక తేదీ ఉంది. 1937 నవంబర్ 16. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు, శ్రీబాగ్. కోస్తా నాయకులు, సీమ నాయకులు కూర్చుని రాసుకున్న ఒడంబడిక. రాజధాని గానీ హైకోర్టు గానీ, ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లల్లో సీమకు, నెల్లూరుకు ముందు వాటా. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం.

లెక్క నిజాయితీగా వేద్దాం. రాజధాని మాట నిలబెట్టుకున్నారు, మూడేళ్ల ఒక నెల పాటు. విశ్వవిద్యాలయం అనంతపురానికి 1981లో, 44 ఏళ్లకు వచ్చింది. నీళ్ల సంగతి? మన కృష్ణగిరి పక్కనే పారే హంద్రీ-నీవాను మిగులు జలాల పథకంగా కట్టారు. ముందు వాటా అని రాసుకున్న చోట మిగిలితే ఇస్తామన్నారు.

ఇంకో చేదు నిజం కూడా మింగాలి. ఈ 70 ఏళ్లలో ఎక్కువ కాలం ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నది సీమ వాళ్లే. సంజీవరెడ్డి, మన కర్నూలు బిడ్డలు దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి మొదలుకొని ఎందరో. కలం మనవాళ్ల చేతిలోనే ఉంది. కాబట్టి కోస్తా రైతును తిట్టి లాభం లేదు. సుగ్గికి పోయిన మన ఆడబిడ్డకు గుంటూరు మిరప చేలో నీడ చూపిన రైతు మనకు శత్రువు కాడు. మన మాట గుర్తు పెట్టుకోని మన మరుపే అసలు శత్రువు.

అందుకే ఒక్కటే అడుగుతున్నాం. పండగలు చేయమనడం లేదు, తద్దినాలు పెట్టమనడం లేదు. ప్రతి ఊళ్లో చావడి గోడ మీద నాలుగు తేదీలు రాయండి. ఫిబ్రవరి 20, అక్టోబర్ 1, నవంబర్ 1, నవంబర్ 16. ఎదురుగా ఇచ్చిన మాట ఒక వరుసలో, జరిగిన పని ఇంకో వరుసలో రాయండి. బళ్లారి కచేరికి నడిచిపోయిన ముసలివాళ్లు ఎక్కడన్నా ఒకరిద్దరు మిగిలి ఉంటే, వాళ్ల పక్కన కూర్చుని ఆ రోజుల ముచ్చట నోటుబుక్కులో ఎక్కించండి. ఓట్లకొచ్చే ప్రతి నాయకుణ్ని ఆ గోడ ముందర నిలబెట్టి చదివించండి.

ఈసారి ఢిల్లీలోనో అమరావతిలోనో ఇంకో కాగితం రాసే రోజు వస్తే, ఆ తేదీ ఏదైనా కానీ, టీ కొట్టు ముందర ఏమీ తెలియక నిలబడే గుంపు మనది కాకూడదు.

సెలవు.