బండికి ఏ ఆయిలు? ఎంత ఆయిలు?



ఎడ్లబండి ఉన్న ఇంట్లో కందెన అంటే ఏమిటో చెప్పనక్కర లేదు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి ఇరుసుకు పూసేవాళ్లు. కందెన తగ్గితే చక్రం కీచుమని అరిచేది. ఆ అరుపు వీధంతా వినబడేది. బండాయన సిగ్గుపడి అయినా కందెన పూసేవాడు.

ఇంజను అట్లా అరవదు. లోపల ఇనుమును ఇనుము తింటున్నా పైకి మామూలుగానే నడుస్తుంది. అది అరిచే రోజు వచ్చిందంటే పని చాలావరకు చెడిపోయినట్టే.

ఇప్పుడు ఊళ్లలో బొలేరోలు, స్కార్పియోలు తిరుగుతున్నాయి. జీపులాంటి ఈ పెద్ద బండ్లను ఎస్‌యూవీలు అంటారు. చాలామంది వీటిని అప్పు చేసి కొంటారు. పెళ్లిళ్లకు, తిరుపతికి, శ్రీశైలానికి కిరాయికి తిప్పి నెలనెలా వాయిదా కడతారు. ఇంజను పట్టేస్తే బండి షెడ్డులో పడుకుంటుంది. వాయిదా మాత్రం పడుకోదు.

దుకాణంలో చాలామంది అడిగే మాట ఒకటే. "పెద్ద బండికి మంచి ఆయిలు ఇవ్వండి" అంటారు. దుకాణం ఆయన చేతికి అందిన డబ్బా తీసి ఇస్తాడు. ఆయన్ని అని లాభం లేదు. అన్ని బండ్లకూ మంచిదైన ఆయిలు అంటూ ఏదీ లేదు. ఒక ఇంజనుకు మంచిదైంది ఇంకో ఇంజనుకు చెడ్డది కావచ్చు. ఏ ఇంజనుకు ఏ ఆయిలు పోయాలో, ఎన్ని లీటర్లు పోయాలో బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో అచ్చు వేసి ఉంటుంది.

పాత బండి కొన్నవాళ్లకు ఆ పుస్తకం దొరకదు. అప్పుడు కంపెనీ సర్వీసు సెంటరుకు పోయి అడగాలి. బండి పేరు ఒక్కటే చెబితే చాలదు. బొలేరో అనే పేరు 2000 సంవత్సరం నుంచి ఉంది. పేరు అదే గానీ లోపలి ఇంజను మారుతూ వచ్చింది. కాబట్టి బండి తయారైన సంవత్సరం, ఇంజను రకం చెప్పాలి. ఆర్‌సీ చూపిస్తే ఇంకా మంచిది. వాళ్లు చెప్పింది కాగితం మీద రాయించుకోవాలి.

ఆ కాగితం మీద ఉన్నదీ, డబ్బా మీద ఉన్నదీ ఒకటేనా అని చూసుకోవాలి. ఇక్కడే చదువు అక్కరకొస్తుంది. డబ్బా మీద రాత ఇంగ్లీషులో ఉంటుంది. భయపడే పని లేదు. చూడాల్సినవి రెండే గుర్తులు.

మొదటి గుర్తు చిక్కదనం. 15డబ్ల్యూ-40 అనో, 5డబ్ల్యూ-30 అనో ఉంటుంది. డబ్ల్యూ అనే అక్షరం రెండు లోయలు పక్కపక్కన ఉన్నట్టు కనబడుతుంది. ఆ అక్షరం శీతాకాలానికి గుర్తు. దానికి ముందున్న అంకె, ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆయిలు ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ చలిలో తేలిగ్గా పారుతుంది. వెనకున్న అంకె, ఇంజను బాగా వేడెక్కాక ఆయిలు ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. 30 కన్నా 40 చిక్కన. 40 కన్నా 50 చిక్కన.

రామగుండం, రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లు ఒక మాట అంటారు. "మన ఎండలకు చిక్కటి ఆయిలే ఆగుతుంది. 20డబ్ల్యూ-50 పోసెయ్" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ బయట ఎండ 45 డిగ్రీలు ఉన్నా, పనిచేసే ఇంజనులో ఆయిలు వేడి దాదాపు 100 డిగ్రీలు ఉంటుంది. వెనక అంకెను లెక్కగట్టేది కూడా ఆ 100 డిగ్రీల దగ్గరే. కంపెనీ వాళ్లు ఆ వేడిని లెక్కలోకి తీసుకునే ఆయిలు చెప్పారు. కొత్త ఇంజన్లలో ఆయిలు పారే దారులు సన్నగా ఉంటాయి. వాటిలో మరీ చిక్కటి ఆయిలు పోస్తే, పొద్దున్నే బండి స్టార్టు చేసినప్పుడు పై భాగాలకు ఆలస్యంగా చేరుతుంది. ఆ కాసేపట్లోనే అరుగుదల జరుగుతుంది. మైలేజీ కూడా తగ్గుతుంది.

చలి సంగతి చూస్తే, లంబసింగిలో చలికాలం నీళ్లు గడ్డకట్టేంత చలి వేస్తుంది. అయినా 15డబ్ల్యూ ఆయిలు అంతకన్నా చాలా ఎక్కువ చలికి, అంటే సున్నాకు దిగువన 20 డిగ్రీల దగ్గర కూడా ఇంజను తిరిగేటట్టు ఉండాలని నియమం. కాబట్టి పుస్తకంలో 15డబ్ల్యూ-40 అని ఉంటే లంబసింగి పోయినా అదే చాలు. పుస్తకంలో 5డబ్ల్యూ-30 అని ఉంటే రామగుండంలో ఉన్నా అదే పోయాలి. ఊరిని బట్టి ఆయిలు మార్చాల్సిన పని లేదు.

రెండో గుర్తు రకం. ఏపీఐ అనే మాట పక్కన చిన్న అక్షరాలు ఉంటాయి. పాములా మెలిక తిరిగిన ఎస్ అక్షరంతో మొదలైతే పెట్రోలు ఇంజనుకు. నెలవంకలాంటి సి అక్షరంతో మొదలైతే డీజిలు ఇంజనుకు. కొన్ని డబ్బాల మీద రెండూ ఉంటాయి. డీజిలు వరుసలో సిఎఫ్-4 పాతబడిపోయింది. దాన్ని ఏపీఐ వాళ్లే పక్కన పెట్టేశారు. తర్వాత 2002లో సిఐ-4, 2016లో సికె-4 వచ్చాయి. తక్కువ ధరకు వస్తుందని పాత గుర్తున్న డబ్బా కొత్త బండికి కొనడం దండగ. మోటారు సైకిలు ఆయిలు కూడా పెద్ద బండికి పనికిరాదు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 నియమం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన డీజిలు బండ్లకు సాధారణంగా పొగగొట్టం దారిలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. దాన్ని డీపీఎఫ్ అంటారు. పొయ్యి సంగతి గుర్తు చేసుకుంటే దీని పని తెలుస్తుంది. పొయ్యిలో కట్టె కాలిపోతుంది, బూడిద మిగులుతుంది. డీపీఎఫ్‌లో పట్టిన మసిని బండి తనంతట తానే వేడి చేసి కాల్చేస్తుంది. కానీ ఇంజను ఆయిలు కొంచెం కొంచెంగా కాలినప్పుడు వచ్చే బూడిద మళ్లీ కాలదు. అది జల్లెడలోనే ఉండిపోతుంది. పొయ్యిలో బూడిద ఎత్తినట్టు ఎత్తడానికి వీలుండదు. అందుకే ఈ బండ్లకు తక్కువ బూడిదనిచ్చే ఆయిలు కావాలి. పుస్తకంలో సికె-4 అనో, సి3 అనో, ఇంకో గుర్తో ఉంటుంది. ఏది రాసి ఉంటే సరిగ్గా అదే కొనాలి. పాత బొలేరోకు పోసిన ఆయిలు ఇంట్లో మిగిలింది కదా అని కొత్త బండికి పోస్తే, ఆయిలు మీద మిగిలిన వందల రూపాయలు జల్లెడ మీద వేలుగా పోతాయి.

ఇక ఎంత పోయాలి? చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

చిన్న పెట్రోలు ఇంజనుకు మూడు, నాలుగు లీటర్లు సరిపోతుంది. పెద్ద డీజిలు ఇంజన్లు కొన్నింటికి ఆరు, ఏడు లీటర్లు పడుతుంది. పుస్తకంలో తరచుగా రెండు లెక్కలు ఉంటాయి. ఫిల్టరు మార్చితే ఒక లెక్క, మార్చకపోతే ఒక లెక్క. ఆయిలు మార్చినప్పుడల్లా ఫిల్టరు కూడా మార్చడమే మేలు. కొత్త ఆయిలును పాత ఫిల్టరులో పంపడం, స్నానం చేసి విడిచిన బట్టలే కట్టుకోవడం లాంటిది.

కొలత ముగించాల్సింది మాత్రం పుల్ల మీద. ఇంజనులో ఒక సన్నటి ఇనుప పుల్ల ఉంటుంది. దాని మీద కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయి. బండిని సమంగా ఉన్న చోట నిలపాలి. ఇంజను ఆపి అయిదు, పది నిమిషాలు ఆగాలి. పైన ఉన్న ఆయిలు కిందికి దిగుతుంది. పుల్లను తీసి శుభ్రమైన గుడ్డతో తుడవాలి. మళ్లీ పూర్తిగా లోపలికి దించి తియ్యాలి. ఇప్పుడు కనిపించే తడే అసలు లెక్క. మొదటిసారి తీసినప్పటి తడిని నమ్మకూడదు. రెండు గీతల మధ్య తడి ఉంటే మంచిదే. కింది గీత దగ్గరికి వస్తే కొంచెం పోయాలి. చాలా బండ్లలో ఈ రెండు గీతల మధ్య తేడా ఒక లీటరు దాకా ఉంటుంది. అందుకని ఒక్కసారే లీటరు కుమ్మరించకూడదు. పావు లీటరు, అర లీటరు పోసి, కాసేపు ఆగి, మళ్లీ పుల్ల చూడాలి.

"నాలుగు చుక్కలు ఎక్కువైతే ఏం పోద్దిలే" అంటారు. చుక్కలైతే ఏమీ పోదు. లీటరు ఎక్కువైతేనే పోతుంది. ఇంజను అడుగున తిరిగే క్రాంకు ఆ ఆయిలులో మునిగి, కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. నురగ లేస్తుంది. నురగ అంటే గాలి. పంపు ఆయిలుకు బదులు గాలిని తోడుతుంది. నిండా ఆయిలు ఉండీ ఇంజను ఎండిపోతుంది. ఎక్కువైన ఆయిలు గాలి పీల్చే దారిలోకి కూడా పోవచ్చు. డీజిలు ఇంజను దాన్నే ఇంధనంగా కాల్చుకుని, తాళం తీసినా ఆగకుండా విపరీతంగా తిరిగిపోయే ప్రమాదం ఉంది. అట్లా తిరిగిన ఇంజను కొద్ది నిమిషాల్లో ముక్కలవుతుంది.

తక్కువైతే ఘాటు రోడ్డులో తెలుస్తుంది. పాడేరు ఘాటు గానీ, శ్రీశైలం ఘాటు గానీ ఎక్కేటప్పుడు మలుపు మలుపుకూ ఆయిలు ఒక పక్కకు జారుతుంది. పంపు మూతి గాలిలో తేలుతుంది. మీటరు దగ్గర ఎర్ర దీపం వెలిగి ఆరుతుంది. ఆ దీపం గుర్తు ఆయిలు పోసే చెంబులా ఉంటుంది. అది ఆయిలు ఎంత ఉందో చెప్పే దీపం కాదు. ఆయిలు తోపు పోయిందని చెప్పే దీపం. అది వెలిగితే "ముందు ఊళ్లో చూద్దాం" అనుకోకూడదు. పక్కకు తీసి ఇంజను ఆపేయాలి. వెనక కూర్చున్న పెళ్లివాళ్లు తొందరపెట్టినా సరే.

వారానికి ఒకసారి, దూరం పోయే ముందు ఒకసారి పుల్ల చూడాలి. రంగు కూడా చూడాలి. డీజిలు ఇంజనులో కొత్త ఆయిలు త్వరలోనే నల్లబడుతుంది. దానికి కంగారు పడనక్కర లేదు. మసిని మోయడం ఆయిలు పనే. పాలు కలిపిన కాఫీలా తెల్లబారితే మాత్రం నీళ్లు కలుస్తున్నాయన్న అనుమానం. బండిని వెంటనే మెకానిక్కుకు చూపాలి. ఇంకో వింత కూడా ఉంది. ఏమీ పోయకుండానే ఆయిలు పెరుగుతుంది! బీఎస్-6 డీజిలు బండిని రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిప్పితే, డీపీఎఫ్ మసిని కాల్చే పని సగంలో ఆగుతుంది. దానికోసం పంపిన డీజిలు కొంత కిందికి దిగి ఆయిలులో కలుస్తుంది. పుల్ల మీద తడి పై గీత దాటుతుంది. డీజిలు వాసన వస్తుంది. "ఆయిలు తగ్గలేదు, మంచి ఇంజను" అని సంతోషించేవాళ్లు ఉన్నారు పాపం. అది పలచబడిన ఆయిలు. మార్చాల్సిందే.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్నది కూడా పుస్తకంలోనే ఉంటుంది. దుమ్ము దారుల్లో, బరువుతో, ఆగి ఆగి నడిచే బండికి అదే పుస్తకం తరచుగా తక్కువ గడువు చెబుతుంది. కిరాయి బండ్లకు ఆ తక్కువ గడువే వర్తిస్తుంది. బండి తక్కువ తిరిగినా, నెలల లెక్కన చెప్పిన గడువు రాగానే మార్చాలి. మార్చిన తేదీ, మీటరు మీది అంకె, ఆయిలు గుర్తు, పోసిన లీటర్లు ఒక చిన్న నోటుపుస్తకంలో రాసి బండిలోనే పెట్టుకుంటే, డ్రైవరు మారినా లెక్క తప్పదు.

ఖాళీ డబ్బాను అట్లాగే పారేయకుండా చిల్లు పొడవాలి. లేకపోతే అందులో నాసిరకం ఆయిలు నింపి మళ్లీ అమ్మేవాళ్ల చేతికి పోతుంది. తీసేసిన పాత ఆయిలు కాలువలో గానీ, బావి పక్కన గానీ పారబోయకూడదు. అది నీళ్లను పాడుచేస్తుంది. చేతులకు అంటితే సబ్బుతో కడుక్కోవాలి. చర్మానికి రోజూ తగలడం మంచిది కాదు. మూత ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిలు తీసుకునే సర్వీసు సెంటరులో ఇవ్వాలి.