ముఖానికి ఏ రంగు?

పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, ఈ వారంలో మీ ఇళ్లలో ఒక కొత్త ఫొటో గోడకెక్కుతుంది. స్టూడియోవాళ్లు దిద్దారో, సెల్‌ఫోనే దిద్దిందో, అందులో మీ ముఖం ఉన్నదానికంటే కాస్త తెల్లగా ఉంటుంది. దాన్నెవరూ అబద్ధమనరు. చిత్రకారుడు చెంప మీద ఆకుపచ్చ పూస్తే మాత్రం ‘మనిషి మొహం అలా ఉంటుందా?’ అని నిలదీస్తాం. ముఖచిత్రంలో సహజమైన రంగంటూ విడిగా ఏదీ లేదనీ, గాఢమైన రంగు వాడినవాడు తన అభిప్రాయాన్ని దాచకుండా పైకి చెబుతున్నాడనీ నా వాదన.

1905లో పారిస్ శరత్కాల ప్రదర్శనలో చిత్రకారుడు హెన్రీ మతీస్ తన భార్య బొమ్మ పెట్టాడు. టోపీ పెట్టుకున్న ఆవిడ ముఖం మీద ఆకుపచ్చ, ఊదా చారలు. ఆ గదిలోని చిత్రకారులకు ఒక విమర్శకుడి మాట వల్ల ‘క్రూరమృగాలు’ అనే పేరు స్థిరపడింది. పారిస్‌వాళ్లు ఎందుకంత ఉలిక్కిపడ్డారో మనకు అర్థం కావడం కష్టమే. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం వెలిగితే రాముడు నీలంగా నిలబడతాడు; నీలం మనుషులుంటారా అని ఏ ప్రేక్షకుడూ అడగలేదు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య చందమామ అట్టల మీద వేసిన బొమ్మల్ని చూస్తూ పెరిగిన తరానికి నిండు రంగులు కొత్త కావు. అందుకే గాఢమైన రంగు పడమటి నుంచి దిగుమతైన మోజు అనే మాట నిలవదు.

దేవుళ్లకు సరే, మామూలు మనుషుల సంగతేమిటంటారా? బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం వేసిన తెలంగాణ పల్లె స్త్రీలను చూడండి. ఎరుపు, పసుపు, కాషాయం చీరలు, నుదుట పెద్ద బొట్టు, వాటి మధ్య ఏ మొహమాటమూ లేని ముదురు గోధుమరంగు చర్మం. పక్కన ఆ ఎరుపు ఉండబట్టే ఆ ముదురు రంగు వెలుగుతుంది. పెళ్లి ఆల్బమ్ చెరిపేసే ఛాయను ఆయన బొమ్మకు నడిమధ్యన పెట్టాడు. ఆ స్త్రీలంతా ఒకేలా ఉంటారని, అవి వ్యక్తుల పోలికలు కావని ఒక ఆక్షేపణ ఉంది. అది చాలావరకు నిజమే, నేను కాదనను. అచ్చుపోసిన కళ్లూ, అదే బొట్టూ పదేపదే వస్తుంటే రంగు కూడా అలవాటుగా మారుతుంది. డ్రాయింగ్‌రూమ్ గోడకు నప్పే సరుకైపోయే ప్రమాదమూ ఉంది. అయితే ఆ లోపం పునరుక్తిది. దాన్ని గాఢమైన రంగుకు అంటగట్టకూడదు. వెలిసిన రంగుల్లో అచ్చుపోసిన జమీందారుల నిలువెత్తు బొమ్మలు మాత్రం తక్కువ విసుగు పుట్టిస్తాయా?

పోలిక పట్టడానికి ఇప్పుడు కెమెరా ఉంది. చిత్రకారుడికి మిగిలింది ఎంపిక. పలాసలో జీడిపిక్కలు కొట్టే స్త్రీ ముఖచిత్రం ఎవరైనా వేస్తారనుకుందాం. పిక్క తొక్కలోని జీడి అంటి ఆమె వేళ్లు నల్లబడి ఉంటాయి. చేతిలోని పప్పు పాలలా తెల్లగా ఉంటుంది. ఆ నలుపును నీడలో కలిపేయవచ్చు, చేతుల్ని చట్రం బయటే వదిలేయవచ్చు. లేదా ఉద్దానం కొబ్బరాకు పచ్చని వెనక పరిచి, ఆ వేళ్లను ముఖం పక్కకే తెచ్చి, బొమ్మ మొత్తంలో అన్నిటికంటే చిక్కని రంగును వాటికే ఇవ్వవచ్చు.