పాటకి దండ, పాడినోడికి లాఠీ: రెగె మనకి చెప్పేదేటి?

(గోవాడలో ఆదివాసీ యువతతో మాట్లాడిన మాటలు)



గోవాడ అనగానే చెరకు, చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తాయి. రెగె పాట పుట్టిన జమైకా కథ కూడా చెరకు తోటల్లోనే మొదలైంది. ఆఫ్రికా నుంచి మనుషుల్ని గొలుసులేసి తెచ్చి, బ్రిటిష్ దొరలు ఆ తోటల్లో బానిసలుగా వాడుకున్నారు. కొందరు తప్పించుకుని కొండలెక్కారు. వాళ్ళే మరూన్లు. మన జోడుకొమ్ముల్లాగే వాళ్ళకీ ఒక కొమ్ము బూర ఉంది. అది ఊది కొండ నుంచి కొండకి కబురు పంపుకుంటూ పోరాడారు. 1739లో బ్రిటిష్ వాళ్ళే దిగొచ్చి, వాళ్ళ భూమిని ఒప్పుకుని సంతకం పెట్టారు. మన్యం పితూరీలు తెలిసిన మనకి ఇది పరాయి కథ కాదు.

1838లో బానిసత్వం పూర్తిగా పోయింది. భూమి మాత్రం దొరల దగ్గరే ఉండిపోయింది. 1930ల్లో రాస్తఫారీలు అనే పేదోళ్ళు "మా మూలం ఆఫ్రికా, మేం ఎవరికీ తక్కువ కాదు" అని లేచారు. వాళ్ళ ప్రార్థనల్లో మూడు రకాల డోళ్ళు మోగుతాయి. ఆ దరువు రూట్స్ రెగెలోకి వచ్చింది. 1970ల్లో బాబ్ మార్లే, పీటర్ టాష్, బర్నింగ్ స్పియర్ ఆకలి గురించి, పోలీసుల గురించి, బళ్ళో చెప్పని చరిత్ర గురించి పాడారు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. 1963లో కోరల్ గార్డెన్స్ దగ్గర గొడవ జరిగితే, ఏ తప్పూ చెయ్యని రాస్తఫారీలను కూడా పోలీసులు పట్టుకుని కొట్టారు, జైల్లో పెట్టారు, జడలు కత్తిరించారు. తర్వాత అదే దేశం మార్లే పాటని టూరిజం ప్రకటనలకి వాడుకుంది. ప్రభుత్వం క్షమాపణ చెప్పడానికి 2017 దాకా పట్టింది. 2018లో రెగెకి యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

మన దగ్గరా అంతే కదా? అరకులో టూరిస్టుల ముందు థింసా ఆడిస్తారు. ఆగస్టు 9న నాయకులు మనతో చేతులు కలిపి అడుగులేసి ఫొటోలు దిగుతారు. కానీ ఇక్కడికి దగ్గర్లోనే, రోలుగుంట, రావికమతం మండలాల్లో ఆదివాసీ ఊళ్ళు ఐదో షెడ్యూలు బయటే ఉన్నాయి. షెడ్యూలు లేకపోతే 1/70 చట్టం రక్షణ లేదు. థింసా కావాలి గానీ, ఆడేవాళ్ళ భూమికి కాపలా అక్కర్లేదా?

కొండల అవతల ఒడిశాలోని కాశీపూర్ చూడండి. బాక్సైట్ తవ్వకాలు వద్దన్నందుకు 2000 డిసెంబరు 16న మైకంచ్‌లో పోలీసులు కాల్పులు జరిపి ముగ్గురు ఆదివాసీలను చంపారు. ఆ ఉద్యమంలో భగవాన్ మాఝీ లాంటి వాళ్ళు పాటలు కట్టారు. తర్వాత ఢిల్లీ సుల్తనేట్ అనే రెగె కళాకారుడు వర్డ్ సౌండ్ పవర్ తరఫున కుచేయిపదర్ ఊరికి వెళ్ళి, అక్కడి పాటల్ని వాళ్ళ గొంతుల్తోనే రెగె బీటుతో కలిపి రికార్డు చేశాడు. వాళ్ళ పాట దూరం వెళ్ళింది, ఉద్యమం మాట మాత్రం మారలేదు.

తమ్ముడూ, చెల్లీ, ఫోన్లో బీటు చేసుకోండి, ర్యాప్ పాడండి, రెగె పాడండి. తుడుము, మోరి వదలొద్దు. మన భాషలో పాడండి. పాటలో మీ ఊరి పేరు, మీ గెడ్డ పేరు, అందని పట్టా సంగతి ఉండాలి. ఈసారి ఎవరైనా స్టేజీ మీదకి పిలిస్తే థింసా ఆడండి. ఆడి, మైకు తీసుకుని ఐదో షెడ్యూలు ఎప్పుడని అడిగి దిగండి.

జై ఆదివాసీ!