ఉమ్మడి పద్దులో మరుగుపడిన లెక్క

ఒక వర్తకునకు బియ్యపు మిల్లు, నూనె మిల్లు, బట్టల కొట్టు ఉన్నవనుకొందము. మూడింటి రాబడిని అతడు ఆవర్జాలో ఒకే పద్దుగా వ్రాసినచో, మిల్లు లాభముతో బట్టలను నష్టమునకు అమ్మి పొరుగు కొట్టును మూయించుచున్నాడేమో వాటాదారునకు గాని, అధికారికి గాని ఎట్లు తెలియును? శ్రోతలారా, నేటి మహా సాంకేతిక సంస్థల విషయములో వచ్చిన చిక్కు ఇదియే.

గూగుల్ సంస్థ 2006లో యూట్యూబును 165 కోట్ల డాలర్లకు కొన్నది. పిమ్మట పదమూడేండ్లకు పైగా దాని రాబడి ఎంతయో లోకమునకు తెలియలేదు. మాతృసంస్థయైన ఆల్ఫబెట్ 2020 ఫిబ్రవరిలో మొదటిసారి ఆ అంకెను వెల్లడించినది. 2019లో ఒక్క ప్రకటనల వలననే వచ్చినది సుమారు 1,510 కోట్ల డాలర్లు!

ఇంత మొత్తము ఎట్లు మరుగుపడినది? 1929 నాటి వాటాల పతనము తరువాత అమెరికాలో 1933, 1934 సంవత్సరముల చట్టములు కంపెనీలు తమ లెక్కలను ప్రజలకు చూపవలెనని విధించినవి. కాని దేనికి వేరు పద్దు ఉండవలెను? 1997 నాటి లెక్కల నియమము ప్రకారము, సంస్థాధిపతి తన నిర్ణయములకై వ్యాపారమును ఎట్లు విభజించి చూచుకొనునో, ఆ విభజనయే ప్రమాణము. అందులోను విభాగపు రాబడి, లాభము, ఆస్తి వీనిలో ఏదైనను నూటికి 10 వంతులకు చేరిననే వేరుగా చూపుట తప్పనిసరి. 2019లో ఆల్ఫబెట్ మొత్తము రాబడి సుమారు 16,200 కోట్ల డాలర్లు. ఆ రాబడిలో యూట్యూబు ప్రకటనల భాగము పదవ వంతునకు కొంచెము తక్కువ. సంస్థ పెరిగినకొలది, ఆ పదవ వంతు చాటున దాగగల వ్యాపారము కూడ పెరుగుచునే యుండును.

లెక్కలు విప్పినచో పోటీదారులకు రహస్యములు తెలియునని కొందరి వాదము. అమెజాన్ 2015లో తన కంప్యూటరు సేవల వ్యాపారమును విడిగా చూపినది. అందువలన ఆ వ్యాపారము క్షీణింపలేదు, పెరిగినది.

కావున నూటికి ఇంత యను కొలతతోపాటు, ఇన్ని కోట్లు దాటినచో వేరు పద్దు తప్పదను నియమము కావలెను. కొన్న సంస్థ లెక్కను కొన్నేండ్లపాటైనను విడిగా చూపవలెను. లెక్క తెలిసినంతమాత్రమున అన్యాయము తొలగదు. అయినను తెలియని లెక్కపై ఏ న్యాయస్థానమును తీర్పు చెప్పజాలదు.