ఆయిలింజనును నిలుపు విధము, చమురు గొట్టములలో గాలి తీయు విధము



కుందుర్పి మెట్టలో నేడు ఆయిలింజనును గూర్చి మాటలాడుట కొందరికి వింతగా దోపవచ్చును. కరెంటు మోటార్లు వచ్చిన పిమ్మట పాత ఇంజనులనేకము పశువుల కొట్టములలో మూలబడియున్నవి. అయినను ఈ జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అదియు పైరు కోరినప్పుడు కురియదు. వేరుసెనగ ఊడలు దిగు వేళకు సరిగా వారముల తరబడి మబ్బు మొగము చాటువేయుట మీరెరుగనిది కాదు. 2016 ఆగష్టులో ఈ జిల్లాలో ఎండుచున్న వేరుసెనగకు రెయిన్ గన్నులతో తడులిచ్చినప్పుడు నీటిని ఎగజిమ్మించినవి ఆయిలింజనులే. తీగెలు చేరని పొలములో పంటకుంట నీరు పైరునకెక్కవలెనన్న మరియొక దారి కానరాదు.

అట్టి నాడు తెల్లవారుజామున ఎంత త్రిప్పినను ఇంజను పలుకదు. చెడినదని తలచి మేస్త్రీకై కళ్యాణదుర్గమునకు మనిషిని పంపుదురు. అతడు వచ్చునప్పటికి ప్రొద్దెక్కును, ఒకప్పుడు ఆ దినమే గడచును. నేను చూచిన అట్టి ఇంజనులలో అనేకము చెడినవి కావు, గాలి పట్టినవి. ఆ గాలిని పట్టించినది క్రిందటి రాత్రి ఇంజనును నిలిపిన చేయియే. కావున ముందుగా నిలుపుటను గూర్చియే చెప్పెదను.

పెట్రోలు ఇంజనునకు నిప్పురవ్వ కలదు. దానిని ఆపిన ఇంజను ఆగును. జర్మనీ దేశమున ఆగ్స్‌బర్గు పట్టణములో రుడాల్ఫ్ డీజిలు 1897లో నడిపి చూపిన ఇంజనునకు రవ్వ లేదు. సిలిండరులో గాలిని గట్టిగా అదిమినచో అది 500 డిగ్రీల సెంటిగ్రేడునకు పైగా వేడెక్కును. ఆ వేడిలోనికి నాజిలు చమురును తుంపరగా చిమ్మగా అది తనంత మండును. చమురును నాజిలునకు త్రోయునది పంపు. ఆ త్రోపు నూరు వాతావరణములకు మించిన ఒత్తిడి గలది. గొట్టములో చమురు నిండియున్నంతకాలము పంపు త్రోసినదంతయు నాజిలునకు చేరును. నడుమ గాలిబుడగ యున్నచో సైకిలు ట్యూబును నొక్కినట్లు గాలి అణగును, మరల ఉబ్బును. నాజిలు మాత్రము తెరవదు.

కొందరు ట్యాంకు కుళాయి కట్టివేసి ఇంజను తనంత ఆగువరకు కూర్చుందురు. కొందరు ట్యాంకు వట్టిపోవువరకు నడిపింతురు. రెండు విధములను గొట్టములు, ఫిల్టరు, పంపు గాలితో నిండును. మరికొందరు సిలిండరు గాలిని విడుచు మీటను ఎత్తి ఆపుదురు. ఆ మీట త్రిప్పి లేపుటకు సాయముగా పెట్టినదే గాని ఆపుటకు పెట్టినది కాదు; వేడి మీద అట్లు చేసినచో వాల్వు అంచులు కాలి చెడును.

సరియైన విధము ఇది. ఇంజను మీది బరువును తగ్గించి రెండు మూడు నిమిషములు తేలికగా నడువనిండు. పిమ్మట చమురు పంపు యొక్క బద్దను ఆపు వైపునకు నెట్టి, చక్రము పూర్తిగా నిలుచువరకు పట్టియుంచుడు. సగములో వదలినచో మరల అందుకొనును. చక్రము నిలిచిన తరువాతనే ట్యాంకు కుళాయి కట్టవలెను. ఒకప్పుడు బద్ద బిగిసిపోయి ఇంజను వేగము పట్టి ఆగకపోవచ్చును. అప్పుడు గాలి పీల్చు ద్వారమును చెక్క పలకతో మూయవలెను. అరచేయి గాని గుడ్డ గాని పెట్టరాదు.

ఇక గాలి పట్టిన ఇంజను సంగతి. ఇంగ్లండులో 1929 నుండి తయారై, నిమిషమునకు 600, 650 చుట్లు తిరుగు లిస్టరు ఇంజనులను, రాజకోటలో ఆ పోలికనే చేసిన వానిని మనసులో నుంచుకొని చెప్పుచున్నాను, తక్కినవానిలోను క్రమమిదియే. గాలిని ట్యాంకు నుండి నాజిలు వైపునకు తరుముకొనుచు పోవలెనే గాని నడుమ నుండి మొదలుపెట్టరాదు. అట్లు మొదలిడి గంటలు గంటలు పానాలతో పెనగులాడినవారిని చూచితిని. నేనును మొదటి యేట ఆ పనియే చేసితిని.

ట్యాంకును సగమునకు పైగా నింపి కుళాయి తెరువుడు. ఫిల్టరు నెత్తిన నుండు చిన్న మరను రెండు చుట్లు వదులు చేయుడు. మొదట నురుగు, బుడగలు వచ్చును. తొందరపడవలదు. బుడగ లేని చమురు ధారగా కారునప్పుడు, కారుచుండగనే మరను బిగింపుడు. చమురు పంపు మీది మరతోను ఇట్లే చేయుడు. తరువాత నాజిలు చెంత గొట్టపు నట్టును వదులు చేసి, బద్దను నడుపు స్థానమున నుంచి, పంపు ప్రక్కనున్న మీటను చేతితో ఆడింపుడు. మీట కదలకున్నచో పంపు చెడినదనుకొనవలదు. లోపలి కామ్ దానిని పైకి లేపియున్నదన్నమాట. చక్రమును కొంచెము త్రిప్పినచో మీటకు ఆట వచ్చును. నట్టు వద్ద బుడగ లేని చమురు ఉబికినంతనే బిగించి, మరల మీటను ఆడింపుడు. నాజిలు లోపల కిర్రుమని పలుకును. ఆ పలుకు విన్న తరువాత ఇంక ఆడింపవలదు. చమురు సిలిండరులో చేరి, లేచునప్పుడు ఇంజను దిమ్మెను అదరగొట్టును. ముందే ఎక్కువగా ఆడించియున్నచో గాలి విడుచు మీటనెత్తి, బద్దను ఆపు వైపున నుంచి, చక్రమును పదిసార్లు త్రిప్పుడు.

నాజిలును విప్పి బయట పెట్టి తుంపర చూచునప్పుడు దాని యెదుట చేయి పెట్టరాదు. ఆ తుంపర తోలును దూసి మాంసములోనికి పోవును. పైకి సూదిపోటంత గాయమే కనబడినను లోపల చేయి కుళ్లును. పసుపు అద్ది యూరకుండక ఆ గంటలోనే పెద్ద ఆసుపత్రికి పోవలెను.

బావిలో ఇంజను దించినవారికి వేరుగా చెప్పవలసియున్నది. పంపు ఆరేడు మీటర్లకు మించి నీటిని చక్కగా పీల్చలేదు గనుక నీరు దిగిన కొలది ఇంజనును బావిలోని గట్టునకు దించుట మన అలవాటు. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడను వాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. దీపము దించి చూచితిమి, వెలుగుచున్నది గదా యని దిగుదురు; ఆ వాయువు మనుష్యుని చంపుపాటి యున్నను దీపము వెలుగుచునే యుండును. ఇంజను నడుచుచుండగా బావిలో దిగరాదు. ఆగిన తరువాతను గాలి మారువరకు దిగరాదు. ఒకడు లోపల కూలినచో వానికై వెంటనే మరియొకడు దిగుట రెండవ ప్రాణమును పోగొట్టుటయే. దిగువాని నడుమునకు మోకు కట్టి, పైన ఇద్దరు నిలువవలెను. వీలున్నచో ఇంజనును పైననే యుంచి వేరు రకపు పంపును అమర్చుకొనుట మేలు, ఖర్చగును, నిజమే.

చమురు శుభ్రతను గూర్చి రెండు మాటలు. పంపు లోపలి కడ్డీకిని దాని గూటికిని నడుమ సందు వెండ్రుక మందములో పదవ వంతైనను ఉండదు. కాయ నూర్చు కాలమున మన గాలిలో ఎగురు దుమ్ము ఆ సందునకు గరగరలాడు ఆకురాయి. చమురు డబ్బాను ఒక రాత్రి కదలింపక యుంచి, అడుగున నాలుగు వ్రేళ్ల మేర వదలి, పై చమురునే సన్నని జల్లెడలో వడబోసి పోయుడు. సాయంకాలమే ట్యాంకు నింపినచో రాత్రి చెమ్మ లోపల నీరై చేరదు. ఫిల్టరును, నాజిలు నట్టును విప్పుటకు సరిపోవు రెండు పానాలను, నాలుగు రాగి వాషర్లను డబ్బాలో పెట్టి ఇంజను చెంతనే వ్రేలాడదీయుడు. ఇంటిలో పెట్టినచో కావలసినప్పుడు అవి పొలములో నుండవు.