హిజ్లీ భవనము – మన పిల్లలు



మన పెద్దలు బెంగాల్-నాగపూర్ రైల్వే వెంట ఖరగ్‌పూరునకు వచ్చిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పొట్ట చేతపట్టుకొని వచ్చి, వర్కుషాపులోను, లోకోషెడ్డులోను పనిచేసి, ఈ ఎఱ్ఱమట్టి నేలమీద తరతరములుగా కాపురముండిరి. 1927 నాటి రైల్వే సమ్మెలో వి. వి. గిరిగారు కార్మికుల పక్షమున నిలిచిన సంగతి మన యిండ్లలో నేటికిని చెప్పుకొందురు. ఊరి ప్రక్కనున్న హిజ్లీ గాథ మాత్రము మనకు తెలియదు. ఈ లోపము ఇతరులది కాదు, మొదట నాదే.

గడచిన శీతకాలమున నొక ఆదివారము నా మనుమరాలిని ఐ.ఐ.టి. ఆవరణలోని నెహ్రూ విజ్ఞాన సాంకేతిక ప్రదర్శనశాలకు తీసికొనిపోతిని. ముంగిట తోటలో హంటర్ విమానమును, పాత ఆవిరియింజనును నిలిపియున్నారు. ఇంజనునుగూర్చి నేను చెప్పినంత మరి యెవరు చెప్పగలరు? పిల్ల విసుగుచెందునంతవరకు చెప్పితిని. పిమ్మట లోనికి పోయి, శిబిరచరిత్రను చూపు గదిలో నిలిచితిమి. "తాతయ్యా, వీళ్ళు ఏం దొంగతనం చేశారు?" అని పిల్ల అడిగినది. ముప్పది యేండ్లు ఈ యూర కొలువు చేసిన నాకు నోట మాట రాలేదు.

ఇంటికి వచ్చి చదివి తెలిసికొన్నది మీకు మనవి చేయుచున్నాను. మేదినీపూర్ జిల్లాను విభజించి హిజ్లీలో నూతన జిల్లా కచేరి పెట్టవలెనని ఆంగ్లప్రభుత్వమువారు ఈ భవనమును కట్టించిరి. ఆ జిల్లా ఏర్పడలేదు. బురుజుతోకూడిన యింత పెద్ద కట్టడము ఊరక మిగిలిపోయెను. 1930లో దానిని నిర్బంధశిబిరముగా మార్చి, విచారణయైన జరుపక, దేశభక్తులను అందుంచిరి. 1931 సెప్టెంబరు 16 రాత్రి కావలి పోలీసులు ఆ నిరాయుధులపై తుపాకులు కాల్చిరి. సంతోషకుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అను ఇద్దరు అసువులు బాసిరి. వారి భౌతికకాయములను తీసికొనిపోవుటకు సుభాస్‌చంద్రబోసు స్వయముగా హిజ్లీకి వచ్చిరి. కలకత్తాలో జరిగిన నిరసనసభలో రవీంద్రనాథ ఠాకూరు ఆ దుండగమును తీవ్రముగా ఖండించిరి.

శిబిరము 1937లో మూతపడి, 1940లో తిరిగి తెరువబడి, 1942లో శాశ్వతముగ మూయబడినది. యుద్ధకాలమున అమెరికా వైమానికదళమువారు కొంతకాలము ఇచట నుండిరి. 1950లో కలకత్తాలో ప్రారంభమైన సాంకేతిక విద్యాసంస్థ ఆ సంవత్సరముననే ఇచటికి మారి, ఈ గోడల నడుమనే పాఠములు మొదలుపెట్టినది. 1951 ఆగస్టు 18న మౌలానా ఆజాదు ప్రారంభోత్సవము జరిపిరి. 1956లో తొలి స్నాతకోత్సవమునకు వచ్చిన నెహ్రూ, చెరసాల విద్యాలయమగుటను ప్రత్యేకముగా ప్రస్తావించిరి.

నేడది రెండువేల యెకరములకు మించిన ఆవరణ. అందు పరిశోధనాలయములు, కేంద్రీయ విద్యాలయము, హిజ్లీ హైస్కూలు, చల్లని చెట్లనీడలు ఉన్నవి. రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేసిన మన దువ్వూరి సుబ్బారావుగారు ఇచటనే భౌతికశాస్త్రము చదివిరి. మన పిల్లలకు ఇందు సీటు రావలెనని మనమందరము కోచింగునకు వేలకువేలు వెచ్చించుచున్నాము. వెచ్చింపుడు, కాదనను. పాత భవనము 1990లో ప్రదర్శనశాలయైనది. ఆ చరిత్రగదికి పోవుటకు ఏ ప్రవేశపరీక్షయు లేదు. అయినను మనము తోటలో ఫొటోలు తీసికొని, పులిహోర పొట్లములు విప్పి, చీకటి పడకముందే ఇల్లు చేరుచున్నాము.

ఇది బెంగాలీల చరిత్ర, మనకేల యని ఒక మిత్రుడు నాతో ననెను. ఈ యూరి నీరు త్రాగి, ఈ యూరి బడిలో చదివి, ఈ యూరనే పెండ్లిండ్లు చేసికొన్నవారము మనము. మన యూరు కాదన్నచో మరి ఏ యూరు మనది?

ఆ రాత్రి నా మనుమరాలికి సమాధానము చెప్పితిని. "వాళ్ళు ఏమీ దొంగిలించలేదు తల్లీ" అంటిని. ఆ యిద్దరి పేర్లను అది తన నోటుపుస్తకమున తెలుగులో వ్రాసికొన్నది.

కార్యవర్గమువారికి ఒక్క మనవి. రాబోవు సెప్టెంబరు 16న మన సంఘపు పిల్లలను ఆ భవనమునకు తీసికొనిపోవుదము. దాని చరిత్రను తెలుగులో రెండు పుటలుగా వ్రాసియిచ్చు భారము నేను వహింతును. వనభోజనమును మాత్రము యథాప్రకారము కార్తికమాసమునకే ఉంచుదము.